పీర్ల పండుగ నాటి వేలిముద్రలు

మా ఊళ్లో ఎవరి పేరు పిలిచినా ఇంటి దగ్గర ఉన్నవాళ్లు పలుకుతారు. కోడలిగా వచ్చిన కొత్తలోనే ఇది గమనించాను. గోపాల్‌పేట దాటి లోపలికి వెళ్లాల్సిన ఊరు మాది. మా వాడలో సగం మంది ఏడాదిలో చాలా నెలలు వలసలోనే ఉంటారు. గుంపు మేస్త్రి వెంట కాలువలు తవ్వడానికో, కట్టలు పోయడానికో కర్ణాటక దిక్కు, మహారాష్ట్ర దిక్కు పోతారు. ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లూ పిల్లలూ. రేషన్ దుకాణంలో కొడుకు పేరు పిలిస్తే తల్లి "ఆ" అంటుంది. కోడలి వైపు పెళ్లికి అత్త పోయి అక్షింతలు వేసి వస్తుంది. చావుకు పోవాలన్నా, పీరుకు మొక్కు చెల్లించాలన్నా లేనివాళ్ల తరఫున ఉన్నవాళ్లే పోవాలి. దాన్ని ఎవరూ మోసం అనుకోరు, అసలు అది ఒక పద్ధతి అని కూడా అనుకోరు.

నాకది వింతగా ఉండేది. నా పుట్టిల్లు గద్వాల దిక్కు. కృష్ణ ఒడ్డున మా నాయనకు కొంచెం తడి పొలం ఉండేది కాబట్టి మేము ఊరు విడిచి ఎరగం. మా ఇంట్లో ఎవరి పేరు పిలిస్తే వాళ్లే పలికేవాళ్లు. ఆ మాట అంటే మా వాడ ఆడవాళ్లు నవ్వేవారు. నా మాటల్లో అక్కడక్కడ దొర్లే కన్నడానికి ఎలాగూ నవ్వేవారు, ఇది దానికి తోడు.

ఆ అలవాటు మీదికే, రెండు వేల పదికి కాస్త ముందు, స్మార్ట్ కార్డు వచ్చి పడింది.

అంతకు ముందు పింఛనైనా, ఉపాధి పని కూలైనా ఎవరి చేతుల మీదుగానో రావలసిందే. ఆ చేతులకు కొంత అంటుకోకుండా రాదని అందరికీ తెలుసు. ఇకనుంచి అలా కాదన్నారు. ప్రతి మనిషికీ ఫొటోతో కార్డు, కార్డులో ఆ మనిషి వేలిముద్ర. ఊరికొక చిన్న మిషన్. వేలు పెడితే మిషన్ గుర్తుపట్టి, ఎంత వచ్చిందో తెలుగులో పైకి చెబుతుంది. ఆ మిషన్‌ను మహిళా సంఘంలో ఒకరు నడపాలి. మా సంఘంలో పది దాకా చదివింది నేనే. పైగా నా నోటికి ఎవరూ ఎదురు రారని పేరు. ఇద్దరు ముగ్గురు వద్దన్నా చివరికి నన్నే పెట్టారు. నాకు పట్టలేని సంతోషం. మా అత్తగారింటి అరుగు కడిగి, పీట వేసి, మిషన్ కోసం ఎదురుచూశాను.

వేలిముద్రలు తీసుకునే క్యాంపు మా ఊరికి నడి ఎండాకాలంలో వచ్చింది. మిషన్ నడపడం నేర్పడానికి మమ్మల్ని వనపర్తికి పిలిపించిన రోజులవి, అందుకే నేను ఊళ్లో లేను. బ్యాంకు తరఫున పని చేసే ఒక కంపెనీ మనుషులు జీపులో కంప్యూటర్, కెమెరా, జనరేటర్ వేసుకుని దిగారు. పేరు పిలిచినప్పుడు రాకపోతే ఆ పేరు పోతుందని ముందు రోజు డప్పు వేయించారు. పేరు పోతుందంటే ఎవరికి భయం ఉండదు? కంపెనీ వాళ్లు పేర్లు పిలిచారు, ఇంటి దగ్గర ఉన్నవాళ్లు పలికారు. ఎప్పటిలాగే.

కార్డులు వానలు తగ్గాక వచ్చాయి. పంచడానికి కట్ట విప్పి చూసి నేను కాసేపు నవ్వాను, తర్వాత కట్టంతా మళ్లీ మొదటినుంచి చూశాను. మా పక్కింటి కోడలి పేరున్న కార్డు మీద ఆమె అత్త ముఖం ఉంది. ముక్కుపుడకా ముడతలూ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అత్త కార్డు మీదా అదే ముఖం. అలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఒకామె కూతురి పేరున దిగింది, ఒక ముసలాయన తమ్ముడి పేరున దిగాడు.

పక్కింటి అత్తను అడిగాను. వరసకు నాకూ అత్తే.

"పిలిచిండ్రు, పలికిన," అంది. "పేరు కొట్టేస్తమన్నరు. పేరు పోతే నా కోడలు ఊళ్లె లేనట్టే గద."

"ఫొటో దిగేటప్పుడన్న చెప్పొద్దా అత్తా?"

"అడిగితే చెప్తుంటి. ఎవరడిగిండ్రు?"

మొదటి నెల ఆమె పింఛన్ వచ్చింది. రెండో నెల ఆమె వేలు పెడితే మిషన్ ఒప్పుకోలేదు. ఒకే వేలు రెండు పేర్ల మీద ఉందని హైదరాబాద్‌లో ఎక్కడో కంప్యూటర్ పట్టేసి రెండు కార్డులూ ఆపేసింది. నేను మండల ఆఫీసుకు పోయాను. కంపెనీ వాళ్లను అడగమన్నారు. కంపెనీ మనిషి ఒక వారం వనపర్తిలో ఉంటే ఒక వారం నాగర్‌కర్నూల్‌లో ఉండేవాడు. నేను ఎక్కడికి పోతే ఆ వారం ఆయన రెండో చోట ఉండేవాడు. చివరికి బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే పట్టుకున్నాను.

"మళ్ల క్యాంపు పెడ్తం మేడమ్. ఎండకాలం," అన్నాడు.

"ఎండకాలం మా ఊళ్లె ఎవరుంటరు సార్?"

"నాకేం తెలుసు మేడమ్. షెడ్యూల్ పైనుంచి వస్తది."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు నిజంగానే తెలియదు. నా కోపం ఆయన మీద చూపించి లాభం లేదని అప్పుడే అర్థమైంది.

ఆ ఏడు పీర్ల పండుగ చలికాలంలో వచ్చింది. మా వైపు వలస పోయినవాళ్లు ఏ పండుగకు రాకపోయినా పీర్లకు వస్తారు. పండుగకు ఇంకా కొన్నాళ్లుందనగా గుంపు దిగింది. పక్కింటి కోడలు వచ్చిన మర్నాడే మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. అమరచింత నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల, నోట్లో నాలుక లేదని అందరూ అనే పిల్ల. ఎప్పుడొచ్చినా తలుపు దగ్గర నిలబడి అడిగిందానికి జవాబు చెప్పి పోయేది. ఆ రోజు తనే మొదలుపెట్టింది.

"అక్కా, నేనీసారి పోను. నా బిడ్డ నన్ను గుర్తుపడ్తలేదు."

నిజమే. ముందు రోజు ఆమె మూట దించి చేతులు చాపితే ఆ చిన్నపిల్ల నాయనమ్మ కొంగు వెనక దాక్కుంది. మేమంతా అక్కడే ఉన్నాం. ఎవరో నవ్వారు కూడా. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఊళ్లో ఉపాధి పని మొదలవుతోంది, చెరువు పూడిక తీత. ఆ పని చేసుకుంటూ బిడ్డతో ఉంటానని ఆమె మొగుడిని అడిగింది. అతను చెడ్డవాడు కాదు. కానీ మేస్త్రి జంటలనే పనిలోకి తీసుకుంటాడు, మగవాడు తవ్వితే ఆడది మోయాలి. ఒంటరిగా పోతే అతనికి తక్కువ పని, ఎక్కువ మాటలు. అయినా ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "కార్డు నడిస్తే ఉండు. నడవకపోతే లారీ ఎక్కు," అన్నాడు. లారీ పండుగ కాగానే వస్తుంది. ఆమె కార్డు మీద చూస్తే అత్త ముఖం, లోపల అత్త వేలు.

ఎండాకాలం దాకా ఆగమని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పుడే మొండికేశాను. ఆమె వేలిముద్ర పండుగ వెళ్లేలోపు పడాలి, పడేదాకా నేను ఊరుకునేది లేదు అనుకున్నాను.

అదే వారం వనపర్తిలో మీటింగు ఉందని మిషన్ నడిపే ఆడవాళ్లందరినీ పిలిచారు. గోడకు పెద్ద బ్యానర్ కట్టారు. దాని మీద 'భాగస్వాముల సమావేశం' అని రాసి ఉంది. ముందు కుర్చీల్లో ఆఫీసర్లు, బ్యాంకువాళ్లు, కంపెనీవాళ్లు కూర్చున్నారు. మాకు వెనక కుర్చీలు, మిక్చర్ పొట్లాలు. కార్డులు ఎంత బాగా నడుస్తున్నాయో తెర మీద బొమ్మలు వేసి చూపించారు. ప్రతి బొమ్మకూ ముందువాళ్లు చప్పట్లు కొడితే వెనకవాళ్లం కూడా కొట్టాం. ఇక అయిపోయింది, భోజనాలకు లేవండి అన్నారు. నేను లేచాను కానీ భోజనానికి కాదు.

"సార్, జర ఒక మాట," అన్నాను. నా నోటికి ఎదురులేదని పేరే గానీ, మైకు లేకుండా అంత హాలులో మాట్లాడటం అదే మొదలు. "మేం భాగస్వాములమని రాసిండ్రు. మా తాన పాలుకు చేను ఇచ్చిన రైతు గూడ విత్తనం ఏనాడు వేద్దమని పాలుకు తీసుకున్నోన్ని అడుగుతడు. మా ఊరికి క్యాంపు ఏనాడు పెట్టాలెనో మమ్ముల ఎవరూ అడగలే. మా మనుషులు లేని నెలల పెట్టిండ్రు. లేనోళ్ల వేళ్లు ఉన్నోళ్లు ఇచ్చిండ్రు. ఇప్పుడు ఇద్దరివీ ఆగినయి."

కంపెనీ పెద్దాయన తన కాగితాల వైపు చూసుకున్నాడు. మా జిల్లాలో ఈ పని చూసే ఆఫీసరు మాత్రం నన్ను ముందుకు రమ్మన్నాడు. నిద్ర చాలని కళ్లు, నలిగిన చొక్కా. ఎక్కడెక్కడో తిరిగి వచ్చినట్టున్నాడు.

"మీ మనుషులు ఎప్పుడుంటరమ్మా?"

"పీర్ల పండుగకు సార్. ఊరు ఊరంత ఉంటది."

"పండుగ పూట మా స్టాఫ్ ఎట్లొస్తరు? వాళ్లకూ సెలవే గద. వాళ్లకూ పిల్లలుంటరు."

అది న్యాయమైన మాటే. మా వెనక వరసలో గోపాల్‌పేట నుంచి వచ్చిన ఒకామె లేచి, "పండుగ మాతోనే చేస్కోమనుండ్రి సార్, మలీద పెడ్తం," అంది. ఎక్కడివాళ్లక్కడ నవ్వారు. ఆ నవ్వుల్లోనే మిగతా ఊళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరుగా లేచి తమ ఊళ్లోనూ ఇదే గోస అని చెప్పడం మొదలుపెట్టారు. ఒకామె ఊళ్లో జాతరకు వస్తారట, ఇంకొకామె ఊళ్లో దసరాకు వస్తారట. ఒక్కో ఊరికి ఒక్కో కాలం. ఆఫీసరు కూర్చుని అన్నీ విన్నాడు. భోజనాలు చల్లారిపోయాయి.

చివరికి ఆయన ఒప్పుకున్నాడు. కానీ ఒక చిక్కు చెప్పాడు. పాత వేలిముద్ర తీసేయాలంటే ఆ వేలు ఎవరిదో వాళ్లు గ్రామసభలో నిలబడి, నేనే ఇచ్చానని చెప్పాలి. అలా చెప్పిన మనిషి సొంత కార్డు హైదరాబాద్‌లో సరిచేసేదాకా ఆగే ఉంటుంది. ఎన్ని నెలలు పడుతుందో తను మాట ఇవ్వలేనన్నాడు. కోడలికి పండుగ నాడే దారి దొరుకుతుంది, అత్త పింఛన్ ఎప్పుడొస్తుందో తెలియదు.

బస్సులో వస్తున్నంతసేపూ ఈ మాట ఆ ముసలామెకు ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఎలా చెప్పినా ఒకటే కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"అంటే నేనొచ్చి నలుగుర్ల దొంగనని చెప్పుకోవాలె. చెప్పుకున్నంక నా పింఛన్ గూడ రాదు. గింతేనా?"

"దొంగవని ఎవరంటరు అత్తా."

"నీ మిషన్ వచ్చినంకనే గీ పరేషాన్. అది లేనప్పుడు సగమన్న చేతికొస్తుండె."

నాకు చర్రున కోపం వచ్చింది. ఎవరి కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నానని అరిచాను. ఆమె నన్ను గడప దిగమంది. దిగాను. మర్నాటికి ఊళ్లో ఇంకో మాట పుట్టింది, వేలు ఇచ్చామని ఒప్పుకున్నవాళ్ల మీద పోలీసు కేసు పెడతారని. ఎవరు పుట్టించారో తెలియదు. ఒప్పుకుంటామని నాకు చెప్పినవాళ్లు కూడా నన్ను చూసి పక్క సందులోకి మళ్లుతున్నారు. నేను మాత్రం ఇంటింటికీ పోతూనే ఉన్నాను. తలుపు వేస్తే అరుగు మీద కూర్చుని తెరిచేదాకా ఉన్నాను. కొందరు విసుగుతో సరే అన్నారు, కొందరు అదీ అనలేదు. పక్కింటి కోడలు నీళ్ల కుండతో నా ముందునుంచే పోయేది. ఒక్క మాట అడిగేది కాదు. మొగుడు ఆమె బట్టలు కూడా మూటలో సర్దుతున్నాడని నాకు తెలుసు. అత్తను బతిమాలమని ఆమెకు చెబుదామనుకున్నాను గానీ మనసొప్పలేదు. కోడలు అడగాల్సింది ఆ ముసలామె తిండి గింజలనే కదా.

గ్రామసభ బడి ముందు పెట్టారు. ఆఫీసరు అన్నమాట ప్రకారం వచ్చాడు. ఎవరి మీదా కేసు ఉండదని పైకి చెప్పాడు. సొంత కార్డు కొన్నాళ్లు ఆగుతుందన్న సంగతి కూడా దాచకుండా చెప్పాడు. తర్వాత, లేనివాళ్ల బదులు వేలు ఇచ్చినవాళ్లు లేవండి అన్నాడు.

ఒక్కరూ లేవలేదు. మగవాళ్లు బీడీలు వెలిగించారు. ఆడవాళ్లు నేల చూశారు. కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు. నాకు అరవాలనిపించింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని నిలబడ్డాను. ఆఫీసరు నా వైపు చూశాడు, ఇక ఏం చేద్దామన్నట్టు.

అప్పుడు వెనకనుంచి పక్కింటి అత్త లేచింది. ఒంట్లో బలం లేక కాదు, మోకాళ్లు పట్టేసి లేవడానికి చాలా సేపు పట్టింది. ఎవరూ చేయి ఇవ్వబోలేదు.

"నేను ఇచ్చిన సార్," అంది. "నా కోడలి పేరు పిలిస్తే నేను పలికిన. దొంగతనం కాదు. ఇంట్ల ఉన్నోళ్లే పలకాలె గదా. గానీ బిడ్డ ఆమెది, వేలు ఆమెది. ఆమెది ఆమెకు రాయుండ్రి. నాది ఎప్పుడొస్తే అప్పుడు రానీ."

చెప్పి కూర్చుంది. కోడలు ఎక్కడుందా అని చూశాను. బడి గోడ పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అత్త వైపు చూడటం లేదు, చూస్తే ఆగలేననుకుందేమో. తర్వాత తమ్ముడి పేరున దిగిన ముసలాయన లేచాడు. కూతురి పేరున దిగినామె లేచింది. ఆ పైన ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నాకు గుర్తులేదు.

పండుగ నాడు బడి గదిలో క్యాంపు పెట్టారు. పీర్ల చావడి నుంచి డప్పుల మోత వస్తుంటే పేర్లు వినపడక కంపెనీవాళ్లు గొంతు చించుకున్నారు. ఆఫీసు స్టాఫ్‌లో ఒకాయన భార్యాపిల్లలను కూడా వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లు మలీద ముద్దలు తిని, పీరు దగ్గర దట్టీ గుడ్డలు కట్టించుకుని, నిప్పుల గుండం చుట్టూ ఆటలు చూశారు. ఈసారి పేరు పిలిస్తే పక్కనున్నవాళ్లు అలవాటుగా "ఆ" అనబోయి నాలుక కరుచుకునేవారు. కోడలి వంతు వచ్చింది. కెమెరా ముందు ఆమె కొంగు నొసటి దాకా లాక్కుంది. అత్త వెళ్లి ఆ కొంగు వెనక్కి లాగేసింది.

"మొఖం సక్కగ చూపెట్టు. లేకుంటే మళ్ల నా మొఖమే వస్తది."

వేలు పెట్టింది, ముద్ర పడింది. కార్డు వచ్చేదాకా ఉపాధి పనికీ కూలికీ దాన్నే చూపించమని చీటీ ఇచ్చారు. నా కళ్ల ముందే దాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది.

అత్త పింఛన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది మళ్లీ వానలు పడేదాకా రాలేదు. ఆ నెలలన్నీ ఆమె పింఛన్ రోజున అందరితో పాటు వరసలో నిలబడి వేలు పెట్టేది. మిషన్ కాదనేది. పక్కకు తప్పుకునేది. నేను వనపర్తికి తిరుగుతూనే ఉన్నాను. కంపెనీ మనిషి నన్ను దూరం నుంచి చూసి, అడగకముందే, "ఇంకా రాలేదు మేడమ్," అనేవాడు. అయినా దగ్గరికి పోయి అడిగేదాన్ని. ఆమె నాతో మాటలు కలిపింది గానీ, ఆ గడప దిగమన్న సంగతి ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

లారీ పండుగ అయిన మూడో పొద్దున వచ్చింది. తెల్లారి మంచు ఇంకా విడవలేదు. పారలు, గంపలు, వంట గిన్నెలు పైకి ఎక్కించారు. బీచుపల్లి దగ్గర వంతెన దాటి ఎండ ముదరకముందే కర్ణాటకలో పడాలని మేస్త్రి తొందరపెడుతున్నాడు. లారీ వెనక నిలబడి జంటల పేర్లు పిలుస్తున్నాడు. పక్కింటి కోడలి మొగుడి పేరు పిలిస్తే అతను ఎక్కాడు. తర్వాత ఆమె పేరు పిలిచాడు.

ఆమె అత్త పక్కన, బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. బిడ్డకు ఆ చంక ఇంకా కొత్త. నాయనమ్మ వైపు చేతులు చాపుతోంది. మేస్త్రి మళ్లీ పిలిచాడు. నేను ఆమె అత్త వైపు చూశాను. అత్త నోరు తెరవలేదు. పెదాలు బిగపట్టుకుని నేల చూస్తోంది.

"నేను రాను," అంది కోడలు.

ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని మా వాడలో ఎవరికీ తెలియదు. లారీ మీది జనమంతా ఇటు తిరిగారు.

"జతల ఒక్కడొస్తే నేనేం జేసుకోవాలె?" అన్నాడు మేస్త్రి.

"నాకీడ పనుంది."

మేస్త్రి ఆమె మొగుడి వైపు చూశాడు. అతను గంపలు సర్దుకుంటూ, బండి పోనిమ్మన్నాడు. లారీ కదిలింది. చంకలో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఆమె దింపలేదు, నాయనమ్మకు ఇవ్వలేదు. అటు చంక నుంచి ఇటు చంకకు మార్చుకుని నా వైపు తిరిగింది.

"అక్కా, చెరువు పనికి పొద్దుగాల ఎన్ని గంటలకు రావాలె?"